కంటైనర్ తీసేస్తే దుకాణం లెక్కలూ పోతాయా?

నిజామాబాద్‌లో ఒక బట్టల దుకాణం ఉందనుకోండి. రంజాన్ నెలలో అమ్మకాలు ఎక్కువ, ఉద్దెర కూడా ఎక్కువే. ఎవరు ఎంత ఇవ్వాలో రాసుకునే పుస్తకం చిరిగిపోతోందని ఎంసీఏ చదివే కూతురు పైథాన్‌లో చిన్న లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చింది. ఇంట్లో ఆమె లాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది. దుకాణంలోని పాత కంప్యూటర్‌లో ఎక్కిస్తే మాత్రం తెర నిండా ఎర్రర్లే. అక్కడి పైథాన్ వెర్షన్ వేరు, ఒక లైబ్రరీ అయితే అసలు లేనే లేదు. “నా దాంట్లో నడుస్తోంది కదా!” అంటుంది అమ్మాయి. పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లోనూ వినబడే మాటే ఇది.

ఈ తలనొప్పికి వచ్చిన మందే కంటైనర్. వలీమాకు వంట చేసే బావర్చీని చూడండి. దేగ్, గరిటెలు, మసాలాలు అన్నీ తనే తెచ్చుకుంటాడు. ఇంటివాళ్లు ఇవ్వాల్సింది జాగా, నీళ్లు, కట్టెలు. ఎవరింట్లో వండినా రుచి మారదు. కంటైనర్‌లో కూడా అంతే. ప్రోగ్రామ్, దానికి కావాల్సిన పైథాన్, లైబ్రరీలు అన్నీ ఒకే మూటలో ఉంటాయి. బయటి కంప్యూటర్ నుంచి వాడుకునేది కెర్నెల్ ఒక్కటే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. వర్చువల్ మెషీన్ అయితే ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్నీ మోసుకొస్తుంది కాబట్టి బరువు. కంటైనర్ తేలిక, క్షణాల్లో మొదలవుతుంది.

దీన్ని అందరి చేతికీ అందించిన పనిముట్టు డాకర్. 2013 మార్చిలో అమెరికాలోని శాంటా క్లారాలో జరిగిన పైకాన్ సభలో సాలమన్ హైక్స్ ఐదు నిమిషాల ప్రసంగంలో దాన్ని చూపించారు. లోపలి యంత్రాంగం కొత్తదేం కాదు. ఒక్కో ప్రాసెస్‌కు విడి గది కట్టే నేమ్‌స్పేస్‌లు, ఎంత మెమరీ వాడాలో హద్దు పెట్టే సీగ్రూప్‌లు అప్పటికే లినక్స్‌లో ఉన్నాయి. వాటిని నాలుగైదు కమాండ్లతో నడిపేలా చేయడమే డాకర్ గొప్పతనం.

డబ్బు సంగతి ముందే చెప్పుకోవాలి. డాకర్ ఇంజన్ ఓపెన్ సోర్స్, ఉచితం. విండోస్, మ్యాక్‌లలో వాడే డాకర్ డెస్క్‌టాప్‌కు 2021లో కొత్త నిబంధన వచ్చింది. 250 మందికి మించి ఉద్యోగులు ఉన్న కంపెనీలు, లేదా ఏడాదికి కోటి డాలర్లకు మించి ఆదాయం ఉన్నవి డబ్బు కట్టాలి. చదువుకునే పిల్లలకు, చిన్న దుకాణాలకు ఆ బాధ లేదు. రెడ్ హ్యాట్ సంస్థ తెచ్చిన పాడ్‌మ్యాన్ కూడా ఉచితమే. కమాండ్లు దాదాపు అవే, డాకర్ అన్నచోట పాడ్‌మ్యాన్ అని కొడితే చాలావరకు నడుస్తాయి. కాబట్టి ఈ కమాండ్ల కోసమే వేలకు వేలు కోర్సు ఫీజు కట్టే ముందు, ఇంట్లో ఒక వారం చేసి చూడటం మేలు. ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. విండోస్‌లో లినక్స్ కెర్నెల్‌ను లోపల విడిగా నడపాలి. 4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ నత్తలా కదులుతుంది. అలాంటి పాత యంత్రంలో నేరుగా లినక్స్ వేసుకుంటేనే సుఖం.

ఇక పని. ముందు డాకర్‌ఫైల్ అనే ఫైలు రాయాలి. అది వంట నుస్ఖా లాంటిది. ఏ పైథాన్ తీసుకోవాలి, ఏ లైబ్రరీలు వేయాలి, ఏ ఫైళ్లు లోపల పెట్టాలి, చివరకు ఏది నడపాలి అని వరుసగా ఉంటుంది. ఈ ఫైలు పేరుకు తోక ఉండకూడదు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే వెనకాల డాట్ టీఎక్స్‌టీ అతుక్కుంటుంది, తర్వాత గంటసేపు ఫైలు కనబడటం లేదని వెతుకులాట. నుస్ఖా సిద్ధమయ్యాక టెర్మినల్‌లో డాకర్ బిల్డ్ అని కొట్టి, హైఫన్ టీ పెట్టి ఒక పేరు ఇచ్చి, చివర ఖాళీ వదిలి ఒక చుక్క పెట్టాలి. ఆ చుక్కకు ‘ఇప్పుడున్న ఈ ఫోల్డర్‌లోని సామానుతో’ అని అర్థం. కొత్తవాళ్లు మరిచిపోయేది దాన్నే. బిల్డ్ అయితే చేతికొచ్చేది ఇమేజ్. ఇమేజ్ అంటే కట్టిపెట్టిన మూట, దాన్ని విప్పి నడిపిస్తే కంటైనర్. ఒకే ఇమేజ్ నుంచి ఎన్ని కంటైనర్లయినా నడపొచ్చు. ఈ రెంటికీ తేడా ఇంటర్వ్యూల్లో తరచూ అడుగుతారు.

మొబైల్ డేటాతో నేర్చుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇమేజ్ పొరలు పొరలుగా తయారవుతుంది. డాకర్‌ఫైల్‌లో ఏదైనా అడుగు దగ్గర మార్పు జరిగితే, అక్కడి నుంచి కిందివన్నీ మళ్లీ కట్టాల్సిందే. అందుకే లైబ్రరీల జాబితాను ముందు లోపలికి కాపీ చేసి, వాటిని వేయించి, ఆ తర్వాతే సొంత కోడ్‌ను కాపీ చేయాలి. వరుస తిరగబడిందా, కోడ్‌లో ఒక్క అక్షరం మార్చినా లైబ్రరీలన్నీ మళ్లీ నెట్ నుంచి దిగుతాయి. సాయంత్రానికి ఆ రోజు డేటా అయిపోతుంది. మామూలు పైథాన్ ఇమేజ్ డిస్కులో దాదాపు ఒక జీబీ ఉంటుంది. స్లిమ్ అనే రకం దానికంటే చాలా చిన్నది, ఇలాంటి ప్రోగ్రామ్‌కు అది చాలు.

నడపడానికి కమాండ్ డాకర్ రన్. అందులో హైఫన్ చిన్న పీ పెట్టి రెండు పోర్టు నంబర్లు ఇస్తారు, మధ్యలో కోలన్. 8080 కోలన్ 8000 అంటే, బయటి కంప్యూటర్‌లో 8080 తలుపు తడితే లోపల 8000 దగ్గరికి వెళ్తుంది. ఎడమది బయటిది, కుడిది లోపలిది. అంతా సరిగ్గా ఉన్నా పేజీ తెరుచుకోకపోతే ప్రోగ్రామ్‌ను చూడాలి. అది లోపల 127.0.0.1 మీదే వింటూ ఉంటే కంటైనర్ గోడ దాటి ఎవరి మాటా దానికి వినబడదు. 0.0.0.0 అని మార్చాలి. ఇంకోటి, ఇలా తెరిచిన తలుపు మామూలుగా నెట్‌వర్క్ మొత్తానికీ తెరుచుకుంటుంది. దుకాణం వైఫైలో ఉన్న ఎవరైనా లెక్కలు చూడగలరు. ఆ కంప్యూటర్ ఒక్కదానికే చాలనుకుంటే బయటి పోర్టు ముందు 127.0.0.1 కోలన్ అని చేర్చాలి.

కంటైనర్ మొదలైనట్టే మొదలై ఆగిపోతే గాభరా పడొద్దు. డాకర్ పీఎస్ ఇప్పుడు నడుస్తున్నవాటినే చూపిస్తుంది. హైఫన్ ఏ చేరిస్తే ఆగిపోయినవీ కనబడతాయి. డాకర్ లాగ్స్ అని కొట్టి కంటైనర్ పేరు ఇస్తే ఎందుకు ఆగిందో చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

అసలు ప్రమాదం అంతా బాగా నడుస్తున్నప్పుడే వస్తుంది. లెక్కలు ఒక చిన్న డేటాబేస్ ఫైల్‌లో పడుతున్నాయి, ఆ ఫైలు కంటైనర్ లోపలే ఉంది. డాకర్ స్టాప్ కొట్టినా, మళ్లీ స్టార్ట్ కొట్టినా లెక్కలు అలాగే ఉంటాయి. కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. మూడు నెలల తర్వాత అమ్మాయి ప్రోగ్రామ్‌లో చిన్న మార్పు చేసి కొత్త ఇమేజ్ కట్టింది. పాత కంటైనర్‌ను డాకర్ ఆర్‌ఎమ్‌తో తీసేసి, కొత్తది నడిపింది. పేజీ తెరుచుకుంది, ఒక్క పేరూ లేదు. “బేటా, నిన్నటిదాకా ఉన్న లెక్క ఏది?” అని తండ్రి అడిగితే చెప్పడానికి జవాబు ఉండదు. కంటైనర్‌ను తీసేస్తే దాని లోపల రాసుకున్నదంతా దాంతోపాటే పోతుంది. అది డాకర్ తప్పు కాదు, దాని పద్ధతే అంత. కంటైనర్‌ను పారేసి కొత్తది పెట్టుకోవడానికే తయారుచేశారు. దావత్ అయ్యాక బావర్చీ దేగ్ కడిగి తీసుకెళ్తాడు, అందులో దాచుకున్న నగలు ఇంటివాళ్లకు మిగలవు.

దానికి ఉపాయం వాల్యూమ్. కంటైనర్ బయట, డాకర్ చూసుకునే ఒక భద్రమైన అర అది. డాకర్ వాల్యూమ్ క్రియేట్ అని ఒక పేరుతో తయారుచేసి, రన్ చేసేటప్పుడు హైఫన్ వీ పెట్టి వాల్యూమ్ పేరు, కోలన్, లోపలి ఫోల్డర్ ఇవ్వాలి. డేటాబేస్ ఫైలు సరిగ్గా ఆ ఫోల్డర్‌లోనే పడేలా ప్రోగ్రామ్‌లో చూసుకోవాలి. అప్పుడు కంటైనర్‌ను పదిసార్లు తీసేసినా లెక్కలు అరలోనే ఉంటాయి. అది నిజమో కాదో మొదటిరోజే తేల్చుకోవచ్చు. ఒక ఉత్తుత్తి పేరు రాసి, కంటైనర్‌ను తీసేసి, మళ్లీ రన్ చేసి చూడాలి. పేరు కనబడితేనే దుకాణానికి ఇవ్వాలి.

ఈ వీ అక్షరంతోనే ఇంకో గండం ఉంది. ఒకటికి మించి కంటైనర్లను కలిపి నడపడానికి డాకర్ కంపోజ్ వాడతారు. కంపోజ్ అప్ అంటే అన్నీ లేస్తాయి, కంపోజ్ డౌన్ అంటే అన్నీ దిగిపోతాయి, వాల్యూమ్‌లు మాత్రం ఉంటాయి. కంపోజ్ డౌన్ పక్కన హైఫన్ వీ చేరిస్తే ఆ కంపోజ్ ఫైలు తయారుచేసిన వాల్యూమ్‌లూ తుడిచిపెట్టుకుపోతాయి. రన్‌లో అర తగిలించే అక్షరమే డౌన్‌లో అరను చెరిపేస్తుంది. మళ్లీ అడగదు. నెట్‌లో ఎవరో రాసిన పరిష్కారాన్ని చూడకుండా అతికించేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

పాస్‌వర్డ్‌ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒక అడుగులో పాస్‌వర్డ్ ఫైలును ఇమేజ్‌లోకి కాపీ చేసి, తర్వాతి అడుగులో చెరిపేస్తే పోయిందనుకుంటారు. పోదు, కింది పొరలో అలాగే ఉంటుంది. ఆ ఇమేజ్‌ను డాకర్ హబ్‌లో పబ్లిక్‌గా పెడితే ఎవరైనా దించుకుని తవ్వి తీయగలరు. అలాంటి ఫైళ్ల పేర్లను డాట్ డాకర్‌ఇగ్నోర్ అనే ఫైలులో రాసిపెడితే అవి బిల్డ్‌లోకే రావు.

వాల్యూమ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. అది ఉన్నది అదే పాత కంప్యూటర్ డిస్కు మీద. రాత్రి దుకాణం కట్టేసే ముందు డాకర్ స్టాప్ కొట్టి, డాకర్ సీపీతో డేటాబేస్ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, పొద్దున్నే డాకర్ స్టార్ట్ కొట్టాలి. ఫైలు పేరులో తేదీ ఉంటే ఏ రోజు లెక్క ఏదో తండ్రికీ తెలుస్తుంది.