కాయకష్టం వేరు, కసరత్తు వేరు

"దినమంతా డబ్బాలే ఎత్తుతున్న. ఇంకా కసరత్తు ఎందుకన్నా?"

లైప్‌జిగ్‌లో నాతో పాటు గోదాములో పనిచేసే ఒక కుర్రాడు మొన్న అడిగిన ప్రశ్న ఇది. అతనిది కరీంనగర్ దగ్గర పల్లె. ఇక్కడ ఎంఎస్ చదువుతూ వారానికి రెండు మూడు రాత్రులు పార్సిళ్లు మోస్తాడు. బయటి దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు గానీ, 280 సగం రోజులు గానీ పని చేసుకోవచ్చు. 2024 మార్చి నుంచి ఇదీ లెక్క.

అతని తెలుగుకీ నా తెలుగుకీ తేడా ఉంది. నేను మారిషస్‌లో పుట్టాను. బడిలో, గుడిలో నేర్చుకున్న తెలుగు నాది. అతను 'దినమంతా' అంటే నేను 'రోజంతా' అంటాను. అప్పుడప్పుడు ఒకరి మాట ఒకరికి రెండోసారి చెప్పించుకుంటాం. కానీ ఈ ప్రశ్న మాత్రం నాకు వెంటనే అర్థమైంది. మా తాత కూడా ఇదే అడిగేవాడు.

మా తాత చెరుకు కోసేవాడు. ఆయన తాత ఒప్పంద కూలీగా ఓడ దిగినాయన. నాకు పదేళ్లప్పుడు, బడిలో చూపించారని పెరట్లో బస్కీలు తీస్తున్నాను. తాత చూసి, "ఒంట్లో బలం ఎక్కువైతే రేపు నాతో తోటకు రా" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. ఆయన నోట ఎప్పుడూ ఒక సామెత ఉండేది: రెక్కాడితే గాని డొక్కాడదు. రెక్కలంటే ఇక్కడ చేతులు, డొక్క అంటే పొట్ట. చేతులు కదిలితేనే పొట్ట నిండుతుందని అర్థం. చేతుల్ని ఊరికే కదపడం ఆయన దృష్టిలో దండగ.

అరవై దాటేసరికి తాత నడుం వంగిపోయింది. కుడి భుజం పైకి లేచేది కాదు. కత్తి పట్టిన చేయి అదే. అంత బలమైన మనిషి తన తల తాను దువ్వుకోలేకపోయేవాడు. అవ్వ దువ్వేది. పాపిడి ఎప్పుడూ ఎడమ పక్కనే తీసేది, ఆయన కుడి పక్కన కావాలనేవాడు. ఈ గొడవ రోజూ ఉండేది.

నేనూ ఆ దారినే నడిచాను. ఆరేళ్ల కిందట ఒక చలికాలం రాత్రి, బెల్టు మీంచి పెట్టె తీశాను. కాళ్లు కదపకుండా నడుం మాత్రం తిప్పి, వెనక ఉన్న బండిలో పెట్టబోయాను. పెట్టె పెద్ద బరువేం కాదు, 12 కిలోలుంటుందేమో. నడుం పట్టేసింది. అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాను. మూడు వారాలు ఇంట్లోనే ఉండిపోయాను. డాక్టరమ్మ, "ఏం వ్యాయామం చేస్తారు?" అని అడిగింది. "గోదాములో పని, రాత్రికి 20,000 అడుగులు నడుస్తాను" అన్నాను కొంచెం గర్వంగా. "అది మీ ఉద్యోగం. నేను వ్యాయామం గురించి అడిగాను" అంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత ఇంట్లో పడుకుని, తెలుగులో ఈ రెండింటికీ రెండు మాటలు ఉన్నాయి కదా అని గుర్తు చేసుకున్నాను. ఒకటి కాయకష్టం. కాయం అంటే ఒళ్లు. ఒళ్లు పడే కష్టం కాయకష్టం. రెండోది కసరత్తు. ఒంటి కోసం చేసేది కసరత్తు. మొదటి దాంట్లో ఒళ్లు ఖర్చవుతుంది. రెండో దాంట్లో ఒళ్లు కూడబెట్టుకుంటుంది.

ఇది నా మాటల గారడీ కాదు. డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్మన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఏళ్ల తరబడి ఈ సంగతే చూస్తున్నారు. 2021లో వాళ్లు కోపెన్‌హాగన్ ప్రాంతానికి చెందిన 1,04,046 మంది వివరాలు ప్రచురించారు. ఖాళీ సమయంలో బాగా కదిలేవాళ్లలో గుండె జబ్బులు, మరణాలు తక్కువ. పనిలో బాగా కదిలేవాళ్లలో అవే ఎక్కువ. అన్నిటికంటే బరువు పని చేసేవాళ్లలో మరణాలు, కూర్చుని పనిచేసేవాళ్ల కంటే దాదాపు నాలుగో వంతు ఎక్కువ. పొగతాగే అలవాటు, చదువు, ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. బరువు పని చేసేవాళ్లు మామూలుగా పేదవాళ్లు, ఆ పేదరికమే అసలు కారణం కావచ్చు కదా అని వాదించే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కానీ గోదాములో పదేళ్లు నిలబడ్డవాడికి హోల్టర్మన్ చెప్పే కారణాలు వింటే 'అవును, ఇది నా ఒళ్లే' అనిపిస్తుంది.

కసరత్తులో గుండె కాసేపు గట్టిగా కొట్టుకుంటుంది, తర్వాత విశ్రాంతి తీసుకుంటుంది. ఆ గట్టిదనమే గుండెకు చదువు. పనిలో అలా కాదు. ఎనిమిది గంటలు ఒక మోస్తరుగా కొట్టుకుంటూనే ఉంటుంది. బలం పెరగడానికి అది చాలదు, అలసిపోవడానికి మాత్రం సరిపోతుంది. బరువులు ఎత్తుతూ, ఒకే చోట నిలబడుతూ ఉంటే రక్తపోటు గంటల తరబడి పైనే ఉంటుంది. ఇంటికి వెళ్లి నిద్రపోయి లేచేలోగా ఒళ్లు పూర్తిగా తేరుకోదు, మళ్లీ షిఫ్టు. అన్నిటికంటే ముఖ్యం, పనిలో వేగం మన చేతిలో ఉండదు. కసరత్తులో నొప్పి వస్తే ఆపేస్తాం. బెల్టును మనం ఆపలేం. చెరుకుతోటలో మేస్త్రీ చెప్పిన వరసలు పూర్తి చేయాల్సిన తాత కూడా ఆపలేకపోయాడు.

జర్మన్లకు ఇది పాత సంగతి. వాళ్ల భాషలో కొన్ని జబ్బులకు వృత్తుల పేర్లే ఉన్నాయి. మోకాళ్లు లోపలికి వంగిపోతే 'బెకర్‌బైన్' అంటారు. అంటే రొట్టెలు కాల్చేవాడి కాలు. చిన్నప్పటి నుంచి పిండి బల్ల ముందు నిలబడి పనిచేసే కుర్రాళ్లకు అలా వస్తుందని అనుకునేవారు. రొమ్ము ఎముక లోపలికి గుంటపడితే 'షూస్టర్‌బ్రుస్ట్', చెప్పులు కుట్టేవాడి ఛాతీ. అది పుట్టుకతో కూడా వస్తుందని ఇప్పుడు తెలుసు. కానీ పేరు మాత్రం పనివాడిదే.

వ్యాయామాన్ని ఈ దేశంలో ఊరూరికీ తీసుకెళ్లిన మనిషి ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్. 1811లో బెర్లిన్ శివార్లలో హాజెన్‌హైడె అనే చోట ఆరుబయట వ్యాయామశాల పెట్టాడు. దానికి ఆయన 'టుర్నెన్' అని పేరు పెట్టాడు. ఆయన జాతీయవాదం చాలా ముదిరినది, అది నాకు నచ్చదు. ప్రష్యా రాజుకు మాత్రం వేరే భయం పట్టుకుంది. కుర్రాళ్లు గుమిగూడితే తిరుగుబాటు వస్తుందని 1820లో టుర్నెన్‌నే నిషేధించాడు. 1842 దాకా ఆ నిషేధం ఉంది. తర్వాత ఊరూరా సంఘాలు పుట్టాయి. ఫుట్‌బాల్ చూసేవాళ్లకు మ్యూనిక్‌లోని 1860 క్లబ్బు తెలిసే ఉంటుంది. దాని పేరులో ఉన్న టీఎస్‌వీ అంటే టుర్నెన్, క్రీడల సంఘం. 1860లోనే 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి కూలీలను ఎక్కించుకుని నవంబరు 16న డర్బన్‌లో దించింది. ఒకే ఏడాది కొందరు ఒళ్లు పెంచుకోవడానికి సంఘం కట్టారు, ఇంకొందరు ఒళ్లు అమ్ముకోవడానికి ఓడెక్కారు.

మనకు దగ్గరైన కథ దాని తర్వాతది. 1893లో గేరా పట్టణంలో కార్మికులు పాత సంఘాల నుంచి విడిపోయి, సొంతంగా కార్మికుల వ్యాయామ సమాఖ్య పెట్టుకున్నారు. ఫ్యాక్టరీలో రోజంతా ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లే సాయంత్రం మళ్లీ కడ్డీ పట్టుకున్నారు! మా తాత చూస్తే నవ్వేవాడు. వాళ్లకు మాత్రం తాము చేసేదేమిటో బాగా తెలుసు. యంత్రం దగ్గర ఒకే పక్కకు వంగిన ఒళ్లును రెండో పక్కకు వంచి సరిచేసుకునేవాళ్లు. పాత సంఘాల నినాదంలో భక్తి, ఉల్లాసం అనే మాటలుండేవి. వీళ్లు అవి తీసేసి బలం, నమ్మకం అనే మాటలు పెట్టుకున్నారు. 1918 నవంబరులో జర్మనీలో ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. సాయంత్రం అనేది కార్మికుడికి మొదటిసారి మిగిలింది. ఆ తర్వాతి ఏళ్లలో ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, లక్షల మంది ఈ సంఘాల్లో చేరారు. 1925లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఒలింపిక్స్ జరిగాయి. 1933లో నాజీలు అన్నిటినీ మూసేసి ఆస్తులు లాక్కున్నారు.

ఆ సమాఖ్యకు కేంద్రం మా లైప్‌జిగే. మా గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒక పెద్దాయన, తూర్పు జర్మనీ రోజుల్లో ఫ్యాక్టరీ క్రీడా సంఘంలో పెరిగినవాడు, ఇప్పటికీ సోమవారం సాయంత్రం షిఫ్టు తీసుకోడు. ఆ సాయంత్రం తన 'ఫెరైన్'దే. ఫెరైన్ అంటే సంఘం. నన్ను మొదట అక్కడికి లాక్కెళ్లింది ఆయనే. జర్మన్‌లో ఇంకో మంచి మాట ఉంది, 'ఫైరాబెంట్'. పని దిగాక మనిషికి మిగిలే సాయంత్రం అది. తెలుగులో దానికి ఒక్క మాట నాకు దొరకలేదు. మీకు తెలిస్తే రాయండి.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. చేతుల్లేని బనియన్‌ను తెలుగువాళ్లు శాండో బనియన్ అంటారు. ఆ శాండో ఒక మనిషి. యూజెన్ శాండో 1867లో కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. అది అప్పుడు ప్రష్యా, ఇప్పుడు రష్యా. కండలు చూపించి ప్రపంచమంతా తిరిగాడు, ఇండియాకూ వచ్చాడు. మనకూ అలాంటివాడు ఉన్నాడు, వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకునేవాడు. ఊపిరి బిగబట్టి గొలుసులు తెంపేవాడు. ఆయన విగ్రహం విశాఖ బీచ్ రోడ్డులో ఉంది. ఆయన బలం మూటలు మోస్తే వచ్చింది కాదు, తాలింఖానాలో వచ్చింది. తాలీం అంటే శిక్షణ, ఖానా అంటే ఇల్లు. దండీలు, బస్కీలు, కర్రసాము, ఇవన్నీ అక్కడి మాటలే. ఒప్పంద కూలీల ఓడల్లో పాటలు వచ్చాయి, అమ్మోరు వచ్చింది, సామెతలు వచ్చాయి. మా ఊరి వరకు తాలింఖానా మాత్రం రాలేదు. రోజంతా చెరుకు కోసిన తర్వాత దండీలు తీసే ఓపిక ఎవరికుంటుంది?

ఓపిక అనేదే అసలు ఇబ్బంది. నేను మొదట చేసిన తప్పు కూడా అక్కడే. షిఫ్టు దిగి నేరుగా జిమ్‌కి వెళ్లి మళ్లీ బరువులే ఎత్తాను. రెండు వారాల్లో ఒళ్లు ఇంకా పాడైంది. రోజంతా ఎత్తినవాడికి ఎత్తడం మందు కాదు. ఇప్పుడు పని లేని రోజుల్లో మాత్రమే, వారానికి రెండుసార్లు, అరగంట చేస్తాను. పనిలో ఏం చేస్తానో దానికి ఎదురుగా ఉండేవి ఎంచుకుంటాను.

పనిలో ముందుకు వంగుతాను. అందుకే కడ్డీ పట్టుకుని ఊరికే వేలాడతాను. వెన్ను సాగుతుంది, భుజాలు తెరుచుకుంటాయి. మొదట 15 సెకన్లు కూడా ఉండలేకపోయాను. పనిలో పెట్టెలు తోస్తాను, అందుకే రబ్బరు పట్టీని గుమ్మానికి కట్టి నా వైపుకు లాగుతాను. పనిలో కుడి చేతి మీదే భారమంతా, అందుకే ఎడమ చేత్తో మొదలుపెడతాను. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకి లేపుతాను. నడుం మోసే బరువును పిరుదులు పంచుకోవాలి కదా. బస్కీలు నెమ్మదిగా, 12 చొప్పున మూడుసార్లు. చివర 15 నిమిషాలు సైకిలు తొక్కుతాను. మధ్య మధ్యలో ఒక్కో నిమిషం మాట్లాడలేనంత గట్టిగా, తర్వాత నెమ్మదిగా. గోదాములో గుండెకు దొరకనిది ఇదే.

రాత్రి షిఫ్టు తర్వాత మాత్రం ఏమీ వద్దు. నిద్రే కసరత్తు. కాలు తిమ్మిరెక్కినా, నొప్పి పిక్క దాకా దిగినా వ్యాయామం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. జర్మనీలో ఉన్న మనవాళ్లకు రెండు సంగతులు చెప్పాలి. ఏళ్ల తరబడి బరువులు ఎత్తడం వల్ల నడుం డిస్కులు పాడైతే, 1993 నుంచి అది ఇక్కడ వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. నిరూపించడం తేలిక కాదు, అందుకే డాక్టరు కాగితాలు మొదటి నుంచీ దాచుకోండి. రెండోది, గుర్తింపు ఉన్న వెన్ను వ్యాయామ తరగతులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా సంస్థలు ఖర్చులో కొంత తిరిగి ఇస్తాయి. జర్మన్‌లో ఈ తరగతి పేరుకు అక్షరాలా 'వెన్ను బడి' అని అర్థం.

కరీంనగర్ కుర్రాడికి నేను ఇంత ఉపన్యాసం ఇవ్వలేదు. సోమవారం నాతో రమ్మన్నాను. ఒకసారి ఉచితంగా వచ్చి చూడొచ్చు. ఫోర్క్‌లిఫ్ట్ పెద్దాయన కడ్డీకి 50 సెకన్లు వేలాడాడు. ఇతను ఎగిరి పట్టుకుని, 19 సెకన్లకే జారిపోయాడు. ఇరవై మూడేళ్లవాడు! చేతులు చూసుకుంటూ, "గట్లెట్ల అన్నా?" అన్నాడు. పెద్దాయనకు తెలుగు రాదు కానీ ఆ ప్రశ్న అర్థమైంది. నవ్వి, అతని భుజాలు రెండూ పట్టుకుని వెనక్కి, కిందికి దింపి, మళ్లీ పట్టుకోమని కడ్డీ వైపు చూపించాడు.

పోయిన వారం షిఫ్టుల కాగితం గోడకు అంటించారు. సోమవారం రాత్రి గడిలో ఆ కుర్రాడి పేరు లేదు. అడిగితే, "సూపర్‌వైజరుకు చెప్పిన అన్నా, సోమవారం నాకు వద్దని" అన్నాడు.