వావిళ్లవారి పుస్తకాల అంగడి

మా శ్రోతల యిండ్లలో, ముఖ్యముగా నెల్లూరు సీమలో, పాత పుస్తకములున్న బీరువా తెరచినచో వావిళ్లవారి పేరు కనబడకపోదు. పెద్దబాలశిక్ష మొదలు కావ్యములవరకు ఆ ముద్రయే.

ఆ సీమకు చెందిన వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు 1854లో చెన్నపట్నమున ముద్రాశాల నెలకొల్పిరి. కుమారుడు వేంకటేశ్వరశాస్త్రులుగారు దానిని పెంచిరి. అచ్చు వేయుటయు, ఎస్ప్లనేడులో అమ్ముటయు వారే.

అంగడివాడు పుస్తకమును అమ్ముటయే కాదు, దానికి పూచీ పడును. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు పరిష్కరించిన ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను వావిళ్లవారు ప్రకటించిరి. మరుసటియేట ప్రభుత్వము అశ్లీలమని ప్రతులను పట్టుకొన్నది. పండితులు మహజరు పంపిరి, ఫలింపలేదు. నిర్ణయించిన దొరలలో నెందరికి తెలుగు పద్యము అన్వయమగునో మేము చెప్పజాలము!

పుస్తకము పోయినచో వర్తకుడు నష్టమును ఖాతాలో వ్రాసికొని మరియొకటి అమ్ముకొనవచ్చును. వీ రట్లు చేయలేదు. ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము నిషేధము నెత్తివేసిన తరువాత, 1952లో, ఆ కావ్యమునే మరల అచ్చొత్తిరి. మొదటి ప్రతి వెలువడి అప్పటికి నలువదిరెండేండ్లు. ఆ నడుమ పెరిగి పెద్దవారైన పాఠకులు తమ భాషలోని యొక కవయిత్రి కావ్యమును మొదటిసారి బహిరంగముగా వెలయిచ్చి కొనుక్కొనిరి.