పెరటి పుంజు

పల్లెపట్టుల పెరటిలో కోళ్ళు తిరుగుచుండుట సామాన్యమైన దృశ్యము. వేకువజామున పుంజు కూయును, పెట్టలు నూకలేరుకొనును, పిల్లలు తల్లివెంట పరుగులిడును. ఇట్టి పెరటిలో ఒక్కొక్కప్పుడు చిక్కు పుట్టును. నిన్నటివరకు చేతిలోని గింజలు తిన్న పుంజు నేడు మనుష్యులమీదికి ఎగురును; ఆడుకొను పసివారిని తరుమును. "దీనికి పొగరెక్కినది, కోసివేయుడు" అని ఇంటివారందురు. ఆ శిక్ష విధించుటకు ముందు, అది అట్లేల చేయుచున్నదో విచారించుట న్యాయము.

మన కోళ్ళకు మూలపురుషుడు ఎఱ్ఱ అడవికోడి. అది నేటికిని భారతదేశపు అడవులలోను, ఆగ్నేయాసియాలోను కలదు. అడవిలో మందను కాచుట పుంజు పని. ఆకాశమున డేగ కనబడినచో ఒక విధముగాను, నేలపై పిల్లి వచ్చినచో మరియొక విధముగాను అరచి పెట్టలను హెచ్చరించును. మేత దొరకినచో పెట్టలను పిలుచును. శత్రువు మీదబడినచో ఎదిరించి పోరాడును. వేల సంవత్సరములుగా మనుష్యుని యింట పెరుగుచున్నను ఆ స్వభావము దానిని విడువలేదు. మనము పొగరని తలంచునది పెక్కుమారులు మందను కాచుకొను యత్నమే.

కోళ్ళ మందలో హెచ్చుతగ్గులు కలవు. నార్వే దేశీయుడగు షెల్డెరుప్ ఎబ్బె బాల్యముననే తన యింటి కోళ్ళను గమనించుచు, ఏ కోడి దేనిని పొడుచునో వ్రాసికొనెను. ప్రతి కోడియు తనకంటె పైదానికి లొంగి, క్రిందిదానిని పొడుచునని ఆయన 1922వ సంవత్సరమున ప్రకటించెను. ఈ పొడుపు వరుస ఒకసారి కుదిరినచో మందలో కలహములు తగ్గును. యౌవనమున పుంజు శరీరములో టెస్టోస్టెరాన్ అను హార్మోను హెచ్చును. అప్పుడది అగ్రస్థానమునకై ఇతర పుంజులతో పోరును. పిల్లగా నున్నప్పుడు మనుష్యుల ఒడిలో పెరిగినది వారియెడ భయము నెరుగదు. కావున వారిని కూడ తనకు పోటీదారులుగా నెంచవచ్చును.

ఈ కోపమును పెంచుటలో మనుష్యుని పాలును కలదు. పల్నాటి వీరగాథలో నాగమ్మ పుంజునకును బ్రహ్మనాయుని పుంజునకును జరిగిన పందెమును ఎరుగనివారు అరుదు. తరతరములుగా పందెగాండ్రు పోరాడు పుంజులనే ఏరి వాటి సంతతిని పెంచిరి. అసీల్ జాతి అట్లు పేరొందినదే. జంతువులను పోరునకు పురికొల్పుట 1960వ సంవత్సరపు జంతుహింస నివారణ చట్టముచే నేరమైనది.

పుంజు హెచ్చరిక చేయకయే మీదికి దూకుట అరుదు. ముందుగా అది కన్నార్పక చూచును. మెడ ఈకలు నిక్కించును. ఒక రెక్కను నేలకు వాల్చి ప్రక్కవాటుగా అడుగులు వేయును. పిమ్మట ఎగిరి రెక్కలతో మోదును, కాలిముల్లుతో గ్రుచ్చును. ఎదిగిన మనుష్యునికి ఆ దెబ్బ కాలికి తగులును. పసివానికి ముఖమునకు తగులును. కన్ను పోవు ప్రమాదము కలదు. కావున దీనిని నవ్వులాటగా నెంచరాదు.

అట్టి సమయమున పరుగెత్తినచో, తాను గెలిచితినని పుంజు తలంచి మరునాడు మరింత చెలరేగును. తన్నినను, కఱ్ఱతో కొట్టినను, దానిని పోరునకు సమ్మతిగా గ్రహించును. పెద్దలు కదలక నిలిచి, అది తగ్గిన పిమ్మట మెల్లగా ముందునకు నడచి, దానినే ప్రక్కకు తొలగునట్లు చేయవలెను. అవసరమైనచో రెక్కలను అదిమి, చంకలో నుంచుకొని, శాంతించువరకు మోసి దింపవలెను. కొన్ని దినములు ఓపికతో ఇట్లు చేసినచో పెక్కు పుంజులు మెత్తబడును. పసివారు మాత్రము దానిని ఎదిరింపక, వెంటనే పెద్దలను పిలువవలెను. పుంజును రెచ్చగొట్టి వినోదించుట ఎన్నడును తగదు.

పెరటి ఏర్పాటును కూడ సరిచూడవలెను. ఇరుకు చోట రెండు పుంజులున్నచో పోరు తప్పదు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలును. మేతను నాలుగైదు తావుల చల్లవలెను. ముల్లు మొనను ఆకురాయితో మొద్దుచేయవచ్చును గాని, లోపల రక్తము ప్రసరించు ఎముక యుండుటచే లోతుగా కోయరాదు. గాయమైనచో సబ్బుతో చక్కగా కడిగి, ధనుర్వాతము రాకుండుటకు వైద్యునిచే సూది వేయించుకొనవలెను.

ఎంత చేసినను లొంగని పుంజులు కొన్ని యుండును. వాటిని వేరు దొడ్డిలో నుంచుట మంచిది. కోపస్వభావము కొంతవరకు సంతతికి సంక్రమించును గావున, వాటి సంతతిని పెంచరాదు. సాధుస్వభావము గల పుంజునే మందకు నిలుపవలెను.

బాలబాలికలారా! పుంజు మన భాషను ఎరుగదు; కాని తన రెక్కతో, ఈకతో, చూపుతో తన మనస్సును తెలుపుచునే యుండును. ఆ గుర్తులను గ్రహించినవాడు తన కంటిని కాపాడుకొనును, పుంజు ప్రాణమును కూడ నిలుపగలుగును.