తాతకు షుగర్ ఉందంటే ఇంగ్లిషులో ఏమవుతుంది?

నిజామాబాద్ జిల్లా బోధన్ పక్కనే శక్కర్‌నగర్. నిజాం కాలంలో, 1937లో వచ్చిన చక్కెర ఫ్యాక్టరీ పెట్టించిన పేరది. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది, పేరు మాత్రం పోలేదు.

శక్కర్, చక్కెర, షుగర్. మూడింటికీ మూలం సంస్కృతంలోని ‘శర్కర’. అది పారసీకం, అరబ్బీ, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లిషులోకి చేరింది. మరి ‘షుగర్’ స్పెల్లింగులో ‘ఎస్’ పక్కన ‘హెచ్’ లేదెందుకు? ఒకప్పుడు ఇంగ్లిషువాళ్లు దాన్ని ‘స్యుగర్’ లాగా పలికేవారు. పలుకుబడిలో ‘స్యు’ కాస్తా ‘షు’ అయింది, రాత మాత్రం మారలేదు. ‘ష్యూర్’ కథా ఇదే.

తమాషా ఏమిటంటే, బెల్లాన్ని చెప్పే ‘జాగరీ’ కూడా శర్కర సంతానమే! కేరళ తీరంలో విన్న ‘చక్కర’ పోర్చుగీసువారి నోట పడి అలా మారింది. పుట్టుక ఒకటే గానీ సరుకు వేరు. చెరకు రసాన్ని కాచి గడ్డకట్టిస్తే జాగరీ. పలుకులు కట్టించి మడ్డిని వేరుచేస్తే షుగర్. ఆ మడ్డే మొలాసిస్. చివర్లో ‘ఎస్’ చూసి చాలామంది దానికి బహువచన క్రియ ‘ఆర్’ తగిలిస్తారు. అది ఏకవచనం, ‘ఈజ్’ వాడాలి.

అసలు చిక్కు ఇంట్లోనే ఉంది. నిజామాబాద్‌లో ‘తాతకు షుగర్ ఉంది’ అంటే ఏ జబ్బో అందరికీ తెలుసు. దాన్నే ‘మై గ్రాండ్‌ఫాదర్ హ్యాజ్ షుగర్’ అని రాస్తే, లండన్‌లో చదివేవాళ్లు తాత దగ్గర చక్కెర డబ్బా ఉందనుకోవచ్చు. జబ్బుకైతే ‘డయాబెటిస్’ అనాలి. అన్నట్టు, దాని చివరా ‘ఎస్’ ఉంది. అదీ ఏకవచనమే.