బ్రిడ్జిలో మొదటి ముక్క ఏది వేయాలి? ఆట ఎలా ప్లాన్ చేయాలి?

ఈ రోజు వీడియో పేకాట గురించి. ఆగండి, అప్పుడే వీడియో మార్చేయకండి. డబ్బులు పెట్టి ఆడే పేకాట కాదు. పదమూడు ముక్కలు చేతికి రాగానే బుర్ర ఎలా పనిచేయాలి అన్న దాని గురించి.

మాది రాజమండ్రి. మన గోదావరి జిల్లాల్లో పేక గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. సంక్రాంతి వచ్చిందంటే కోడిపందేల బరి పక్కనే పేకముక్కలు కూడా పడతాయి. పెళ్లివారింట్లో భోజనాలు అయ్యాక అరుగు మీద దుప్పటి పరిచి రమ్మీ మొదలెడతారు. అలాగే పేక పేరు చెబితే ఇంట్లో ఆడవాళ్ల మొహం మారిపోతుంది. అదీ నిజమే. ఎందుకంటే పోయేది ముక్కలు కాదు కదండీ, డబ్బు, ఒక్కోసారి పొలం. అందుకే ఆటలో అదృష్టం ఎంత, ఆలోచన ఎంత అన్నది మనకి ఉత్తి కబుర్లకి పనికొచ్చే ప్రశ్న కాదు.

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అదీ మన రాష్ట్రం నుంచే. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ, 1967లో తీర్పు వచ్చింది. కోర్టు ఏమందంటే, మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం. రమ్మీ అలా కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట. రమ్మీలో ఉండే అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదే అని కూడా అంది. అంటే పోల్చి చూపించడానికి కోర్టుకి దొరికిన కొలబద్ద బ్రిడ్జి అన్నమాట.

అలాగని నైపుణ్యం ఉన్న ఆటలో డబ్బు పోదని కాదు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ కలిపి చట్టం తెచ్చింది. కాబట్టి మనం పైసా పెట్టకుండా, ఆలోచన మాత్రమే పెడదాం.

ముందు బ్రిడ్జి రెండు ముక్కల్లో. నలుగురు ఆడతారు, ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు జట్టు. 52 ముక్కలూ పంచేస్తారు, తలా 13. నలుగురూ ఒక్కో ముక్క వేస్తే ఒక ట్రిక్కు, మొత్తం 13 ట్రిక్కులు. ముందు వేలంపాట జరుగుతుంది. గెలిచిన జట్టు ఇన్ని ట్రిక్కులు తెస్తామని మాట ఇచ్చినట్టు. దాన్నే కాంట్రాక్టు అంటారు. 3 నోట్రంప్ అంటే తురుపు లేకుండా 6 ప్లస్ 3, తొమ్మిది ట్రిక్కులు తేవాలి. ఆడేవాడు డిక్లేరర్. అతని ఎడమ పక్కన ఉన్నవాడు మొదటి ముక్క వేస్తాడు, అదే ఓపెనింగ్ లీడ్. అది పడ్డాకే డిక్లేరర్ జతగాడి ముక్కలు బల్ల మీద పరుస్తారు, దాన్ని డమ్మీ అంటారు. ఆ రెండు చేతులూ డిక్లేరరే ఆడతాడు.

చూశారా? లీడ్ వేసేవాడికి తన 13 ముక్కలు, వేలంపాటలో విన్న మాటలు తప్ప ఇంకేమీ తెలియదు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సగం లాగ్స్ మాత్రమే పెట్టుకుని బగ్ వెతికేవాళ్లం, ఇదీ అలాంటిదే. ఉన్న సమాచారంతో మంచి అంచనా వేయాలి.

నోట్రంప్‌లో లీడ్‌కి పాత సూత్రం ఒకటి ఉంది. మీ దగ్గర అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న రంగు తీసుకోండి, అందులో పైనుంచి నాలుగో ముక్క వేయండి. ఎందుకు? తురుపు లేదు కాబట్టి, పెద్ద ముక్కలు అయిపోయాక అదే రంగులో మిగిలిన రెండు, మూడు కూడా ట్రిక్కులు తెస్తాయి. రాజు, రాణి, జాకీ ఇలా వరసగా ఉంటే మాత్రం పైది వేయాలి. వేలంపాటలో మీ జతగాడు ఒక రంగు పాడి ఉంటే మామూలుగా ఆ రంగే వేయండి.

తురుపు ఉన్న కాంట్రాక్టులో లెక్క వేరు. అక్కడ ఒక రంగులో ఒక్క ముక్కే ఉంటే అది వేసేయడం చాలాసార్లు మంచిది, తర్వాత ఆ రంగు వచ్చినప్పుడు తురుపు కొట్టొచ్చు. ఆసు, రాజు రెండూ ఉన్న రంగు కూడా మంచి లీడే. కానీ ఆసు దాచుకుని అదే రంగులో చిన్న ముక్క వేయకండి. డిక్లేరర్ దగ్గర ఒంటరి రాజు ఉంటే దానికి ట్రిక్కు ఇచ్చేసినట్టే, మీ ఆసు తర్వాత తురుపు పాలవుతుంది.

నాలుగో ముక్క సూత్రంలో ఇంకో అందం ఉంది, పదకొండు సూత్రం. పడ్డ ముక్క అంకెని 11 లోంచి తీసేయండి. మిగతా మూడు చేతుల్లో దానికన్నా పెద్దవి ఎన్ని ఉన్నాయో వచ్చేస్తుంది. ఇది మంత్రం కాదండీ, లెక్కే. జాకీ 11, రాణి 12, రాజు 13, ఆసు 14 అనుకోండి. 6 కన్నా పెద్దవి మొత్తం 14 మైనస్ 6, అంటే ఎనిమిది. అందులో మూడు లీడ్ వేసినవాడి దగ్గరే ఉన్నాయి, ఎందుకంటే అతను వేసింది నాలుగోది. మిగిలినవి అయిదు.

ఇప్పుడు ఒక ఆట చూద్దాం. పేపరు, పెన్ను తీసుకోండి. మీరు డిక్లేరర్, కాంట్రాక్టు 3 నోట్రంప్.

మీ చెయ్యి: ఇస్పేటు ఆసు, 8, 4. ఆఠీన్ రాజు, రాణి, 5. డైమండ్ రాణి, 4. కళావర్ ఆసు, జాకీ, 10, 7, 3.

డమ్మీ: ఇస్పేటు 7, 3. ఆఠీన్ ఆసు, 6, 2. డైమండ్ ఆసు, జాకీ, 10, 9, 5. కళావర్ 8, 6, 2.

ఎడమ పక్కాయన ఇస్పేటు 6 వేశాడు. డమ్మీ నుంచి 3 వేశారు, కుడి పక్కాయన రాణి వేశాడు. మీ చేతిలో ఆసు ఉంది. వేస్తారా?

చెయ్యి ఆసు మీదకి దానంతటదే వెళ్లిపోతుంది, తెలుసు. వెళ్లనివ్వకండి. ముందు లెక్క. ఖాయంగా వచ్చే ట్రిక్కులు ఎన్ని? ఇస్పేటు 1, ఆఠీన్ 3, డైమండ్ 1, కళావర్ 1. మొత్తం ఆరు. కావలసినవి తొమ్మిది. ఇంకో మూడు ఎక్కడినుంచి? డైమండ్‌లో. అక్కడ మనకి లేనిది రాజు ఒక్కటే. చేతిలోంచి రాణి వేసి, ఎడమ పక్కాయన రాజు వేయకపోతే డమ్మీ నుంచి 5 వేస్తాం. రాజు ఎడమ పక్కన ఉంటే చాలాసార్లు ట్రిక్కే పోదు. కుడి పక్కన ఉంటే ఒక ట్రిక్కు పోతుంది, కానీ ఆసు, జాకీ, 10, 9 నాలుగూ నిలబడతాయి. 1, 3, 4, 1 కలిపితే సరిగ్గా తొమ్మిది.

మరి ప్రమాదం ఎక్కడ? రాజుతో గెలిచిన కుడి పక్కాయన మళ్లీ ఇస్పేటు వేయడంలో. వాళ్ల దగ్గర ఎనిమిది ఇస్పేట్లు ఉన్నాయి. ఎనిమిది ముక్కలు 5, 3గా చీలే అవకాశం సుమారు 47 శాతం, 4, 4గా సుమారు 33 శాతం. అసలు చేతులు ఇవీ: ఎడమాయన దగ్గర రాజు, జాకీ, 9, 6, 2. కుడాయన దగ్గర రాణి, 10, 5.

మొదటి ట్రిక్కులోనే ఆసు వేశారనుకోండి. డైమండ్ రాజుతో గెలిచిన కుడాయన ఇస్పేటు 10 వేస్తాడు, వాళ్లకి నాలుగు ఇస్పేటు ట్రిక్కులు వస్తాయి. డైమండ్ రాజుతో కలిపి అయిదు. మనకి ఎనిమిదే, కాంట్రాక్టు పోయింది. రెండో ట్రిక్కులో ఆసు వేసినా అంతే, కుడాయన చేతిలో ఇంకా 5 మిగిలి ఉంటుంది.

అందుకని రాణి మీద 4 వేయండి, 10 మీద 8 వేయండి, రెండూ వదిలేయండి. మూడోసారి ఆసు వేయండి. కుడాయన దగ్గర ఇస్పేట్లు ఖాళీ. ఇప్పుడు డైమండ్ రాజు అతని దగ్గరే ఉన్నా పరవాలేదు, వేయడానికి ఇస్పేటు లేదు. అవతలాయన దగ్గర మంచి ఇస్పేట్లు ఉన్నాయి గానీ, ఆట అతని చేతికి వెళ్లే దారి లేదు. కుడాయన కళావర్ వేస్తే ఆసుతో తీసుకుని తొమ్మిదీ లెక్కపెట్టుకోండి.

ఇంకో చిన్న జాగ్రత్త. ఆఠీన్ ఆసుని తొందరపడి వాడేయకండి. కుడాయన తెలివైనవాడైతే మన డైమండ్ రాణికి రాజు వేయకుండా దాచుకుంటాడు. రెండోసారి రాజు వేస్తే మన చేతిలో డైమండ్ ఉండదు, డమ్మీలోకి వెళ్లాలంటే ఆఠీన్ ఆసే దారి. ధవళేశ్వరం దగ్గర ఎంత నీళ్లున్నా కాలవ తలుపు మూసుంటే చేలోకి చుక్క రాదు కదా, ఇదీ అంతే. ట్రిక్కులు డమ్మీలో ఉంటే చాలదు, అక్కడికి వెళ్లే దారి కూడా మిగలాలి.

గమనించారా? ఆట మొత్తం మొదటి ట్రిక్కులోనే తేలిపోయింది. లీడ్ వేసినాయన మంచి ముక్క వేశాడు, మనం ఆగి లెక్క వేశాం. ఇక్కడ నైపుణ్యం అంటే ఆ అర నిమిషం ఆగడమే.

సరే, మంచి ముక్కలు రాకపోతే? బ్రిడ్జి పోటీల్లో దానికి చక్కటి పరిష్కారం ఉంది, డూప్లికేట్. ఒకే పంపకాన్ని వేరే వేరే బల్లల దగ్గర వేరే జట్లతో ఆడిస్తారు. అవే ముక్కలతో మీకన్నా అవతలి బల్లవాళ్లు ఎంత బాగా ఆడారన్నదే స్కోరు. పంపకంలో అదృష్టం చాలావరకు అక్కడే పోతుంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటిసారి బ్రిడ్జి పెట్టారు. పురుషుల జంటల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ మనకి బంగారు పతకం తెచ్చారు. అప్పటికి ఒకరికి 60 ఏళ్లు, ఇంకొకరికి 56. ఇంట్లో రిటైరై కూర్చున్న పెద్దవాళ్లుంటే ఈ మాట చెప్పండి. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకునే అలవాటు వాళ్లకి ఎలాగూ ఉంది, సగం బ్రిడ్జి వచ్చినట్టే.

హోమ్‌వర్క్ ఒకటి. ఇదే ఆటలో ఇస్పేట్లు 5, 3 కాకుండా 4, 4గా ఉన్నాయనుకోండి. మనం రెండుసార్లు వదిలేశాం, మూడోసారి ఆసు వేశాం, డైమండ్ రాజుతో గెలిచిన కుడాయన దగ్గర ఇంకో ఇస్పేటు ఉంది, వేశాడు. కాంట్రాక్టు నిలుస్తుందా, పోతుందా? వాళ్ల ట్రిక్కులు వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. జవాబు వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం, అందులో తురుపు ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆగాలో కూడా చెప్తాను. ఉంటానండి.