వంతెన సందు, తుపాకీ చీల

బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీదికి ఆటో ఎక్కగానే మా బుడ్డోడు లెక్క మొదలెడతాడు. "టక్... టక్... తాతయ్యా, వంతెన పగిలిందా?"

పగల్లేదురా నాన్నా, కావాలనే సందులు వదిలారు. ముప్పై మీటర్ల కాంక్రీటు 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు సెంటీమీటరు సాగుతుంది. రోహిణి కార్తె బెజవాడలో సాగకేం చేస్తుంది! చోటు లేకపోతే దిమ్మలు ఒకదాన్నొకటి కుమ్ముకుంటాయి.

ఈ కిటుకు పాత తుపాకీలు చేసేవాళ్లకూ తెలుసు. కింద అడ్డంగా పోతోందే బందరు రోడ్డు, దాని చివర బందరులో 1611లోనే ఇంగ్లీషు కంపెనీ వర్తకం మొదలెట్టింది. తర్వాత్తర్వాత ఆ కంపెనీ సిపాయిల చేతికిచ్చిన మస్కెట్టు గొట్టం పొడవు 39 అంగుళాలు, మీటరుకు ఒక్క సెంటీమీటరు తక్కువ. మందూ గుండూ మూతిలోంచే వేసి కడ్డీతో దట్టించాలి. మరి ఆ గొట్టాన్ని చెక్కకు ఎలా బిగించారంటావ్? గొట్టం అడుగున చిన్న చిన్న ఇనుప చెవులు అతికి, వాటికి బెజ్జాలు పెట్టి, చెక్క పక్కనుంచి సన్నటి చీలలు దూర్చారు. అంతే.

తమాషా ఆ బెజ్జంలోనే ఉంది. పనిమంతుడు దాన్ని గుండ్రంగా వదలడు, ఆకురాయితో గొట్టం పొడవు వైపు కాస్త కోలగా రాస్తాడు. మీటరు ఇనుము 30 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరులో మూడోవంతు పైనే సాగుతుంది. చెక్క దారి వేరు. వానాకాలం మన వీధి తలుపు పట్టేస్తుందే, అది అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా దాదాపు పెరగదు. చెక్కంటే గడ్డిపరకల కట్ట అనుకో. తడి తాగితే పరకలు లావెక్కుతాయి గానీ పొడుగెక్కవు. రెండింటినీ బిగించి కట్టేస్తే చీల దగ్గర చెక్కయినా చీలాలి, గొట్టమైనా వంగాలి. లోపల మరలు కోసిన రైఫిలైతే మరీ కష్టం. మీటరుకు ఒక్క మిల్లీమీటరు దారి తప్పితే, వంద మీటర్ల దూరాన గురి అరజానెడు తప్పినట్టే.

"మనమూ చేద్దామా తాతయ్యా?"

వద్దురా, 1959 ఆయుధాల చట్టముంది, అంతకన్నా ముందు మీ నాయనమ్మ ఉంది.

దట్టించే కడ్డీదీ ఇదే గోల. చెక్క అడుగున గాడి తీసి, అందులో ఇత్తడి గొట్టాలు కూర్చి, వాటిలోకి కడ్డీ దోపేవారు. చెక్క కడ్డీ తడికి లావెక్కి ఇరుక్కునేది, యుద్ధం తొందరలో విరిగేది. 18వ శతాబ్దంలో ప్రష్యా సైన్యం ఇనుప కడ్డీకి మారింది, తర్వాత ఇంగ్లీషువాళ్లూ మారారు. విరగడం తప్పింది గానీ, సన్నటి ఇనుప కడ్డీ పాత గొట్టాల్లో గలగలలాడేది. మళ్లీ గొట్టాలు సన్నం చేయాలి, బిగువుకు లోపల చిన్న స్ప్రింగు పెట్టాలి. వదులైనా చిక్కే, బిగువైనా చిక్కే!

"మరి మన తలుపుకూ కోల బెజ్జం పెట్టొచ్చుగా?"

పెట్టారురా, నువ్వే చూళ్లేదు. పాత టేకు తలుపులో పలకకు జిగురుండదు, మేకుండదు. చట్రం గాడిలో వదులుగా కూర్చుని, ఉబ్బినా తగ్గినా అక్కడే సర్దుకుంటుంది. మొన్న కట్టిన వెనకింటి తలుపుకు మాత్రం పలక కదులుతోందని నేనే దగ్గరుండి నాలుగు మేకులు కొట్టించాను. రెండు ఎండాకాలాలు ఆగి నిలువునా చీలింది. ఆ చీలికలో మీ నాయనమ్మ పాత పేపరు కుక్కింది.