లీటరు లెక్క వేస్తే బర్రె గుట్టు బయటపడుద్ది

కోవూరులో బర్రెని చూసి ఎవరైనా అడిగేది ఒకటే: "పూటకి ఎన్ని లీటర్లు?" సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, నేనడిగేది వేరు: లీటరుకి ఖర్చెంత?

దాణా, తవుడు, గడ్డి, మందులు, ఇంటివాళ్ల చాకిరీ అన్నీ కలిపి నెల పాలతో భాగించండి. ఇంట్లో తాగిన పాలూ లెక్కే, వట్టిపోయిన బర్రె మేతా లెక్కే. ఉదాహరణకి ఖర్చు 15,000, పాలు 300 లీటర్లయితే లీటరు 50 రూపాయలు. అదే ఖర్చుకి పాలు 240కి పడితే 62.50!

పక్కింటి వాళ్లతో పోల్చాలంటే మాత్రం జాగ్రత్త. ఆవు పాలూ బర్రె పాలూ ఒకటి కాదు. జర్మనీలోని ఐఎఫ్‌సీఎన్ సంస్థ దేశదేశాల డెయిరీలని పోల్చేటప్పుడు పాలన్నిటినీ 4 శాతం కొవ్వు, 3.3 శాతం ప్రొటీన్ లెక్కకి మార్చేస్తుంది. మనకంత తంటా అక్కర్లేదు. పాల కేంద్రం స్లిప్పులో ఫ్యాట్ ఉంటుంది, కిలో ఫ్యాట్‌కి ఖర్చెంతో చూస్తే చాలు.

మా ఇంట్లో అందరికంటే ఎక్కువ పాలిచ్చిన బర్రే షీట్‌లో అడుక్కి పోయింది. ఈని ఏడు నెలలైనా చూడి కట్టలేదు. మళ్లీ ఈనేదాకా వట్టి మేతే కదా! అమ్మేద్దామా అంటే అమ్మ ఒప్పుకోలేదు. ముందు పశువుల డాక్టర్ని పిలిచాం.